బడి ఎప్పుడు తెరుస్తారు?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

చిన్ననాటి ముచ్చట్లు చెప్పడానికి నాకంటే బాగా మాట్లాడేవాళ్ళు పొద్దుట్నించీ మాట్లాడుతున్నారు. వేపచెట్టు, గోలీలు, లెక్కల సారు బెత్తం అన్నీ అయిపోయాయి. అందుకని నేను వేరే సంగతి ఎత్తుకుంటాను. మన బడి గంట మోగని రోజుల సంగతి. 2020 మార్చి 19న మూసిన బడి నవంబరు 2న తెరిచారు. అదీ కొన్ని తరగతులకే. ఆ ఏడున్నర నెలలూ కడపలో ఏ వీధికి పోయినా ఒకటే ప్రశ్న. "బడి ఎప్పుడు తెరుస్తారు సార్?" నేను ఉపాధ్యాయుణ్ణి కాదు, నీటిపారుదల పనులు చూసే ఇంజనీరును. అయినా సంఘం వాట్సాప్ గ్రూపులో ఉన్నానని నన్నూ అడిగేవాళ్ళు. తెలిసినవాళ్ళు ఎవరూ లేరు గనుక ఎవర్ని అడిగినా ఒకటే.

తేదీలు ఒకసారి వరసగా చెబుతాను. వింటే నవ్వొస్తుంది, ఆ రోజు నవ్వు రాలేదు. ముందు మార్చి 31 దాకా సెలవులన్నారు. 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. మే నెలలో, ఆగస్టు 3న బడులు తెరుస్తామని ప్రభుత్వం చెప్పింది. జూలైలో ఆ తేదీ సెప్టెంబరు 5కు మారింది. గురుపూజోత్సవం రోజు కదా, బాగుందనుకున్నాం. అదీ పోయి అక్టోబరు 5 వచ్చింది. మధ్యలో సెప్టెంబరు 21 నుంచి తొమ్మిది, పది తరగతుల పిల్లలు సందేహాలుంటే, తల్లిదండ్రుల అనుమతి పత్రంతో, ఇష్టమైతేనే వచ్చి పోవచ్చన్నారు. అంటే బడి తెరిచినట్టా, తెరవనట్టా? పిల్లలు ఆ సందేహంతోనే వచ్చేవాళ్ళట. సెప్టెంబరు నెలాఖరులో, తెరవడానికి వారం కూడా లేనప్పుడు, అక్టోబరు 5 కాస్తా నవంబరు 2 అయింది. విద్యాకానుక సంచులు మాత్రం అక్టోబరు 8 నుంచి పంచడం మొదలుపెట్టారు. యూనిఫారం గుడ్డ, బూట్లు, బెల్టు, పుస్తకాలు అన్నీ ఇంటికొచ్చాయి. కొత్త బూట్లు వేసుకుని ఇంట్లోనే తిరిగిన పిల్లలు మన వీధుల్లో ఎంతమందో.

ఇంకా ఉంది. అక్టోబరులో చెప్పిన ప్రకారం ఒకటి, మూడు, ఐదు, ఏడు తరగతులు ఒకరోజు, రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది మరుసటి రోజు. పిల్లలు 750 మందికి మించిన బడి అయితే మూడు రోజులకొకసారి. నాలుగో తరగతి బిడ్డ, ఏడో తరగతి బిడ్డ ఉన్న తల్లి లెక్క వేసుకుంది: పెద్దది పోయిన రోజు చిన్నోడు ఇంట్లో, చిన్నోడు పోయిన రోజు పెద్దది ఇంట్లో. మరి తాను కూలికి ఎప్పుడు పోవాలి? ఆమె ఆ లెక్క తేల్చుకునేలోగానే, నవంబరు 2 ఇంకా నాలుగైదు రోజులుందనగా, కొత్త ప్రణాళిక వచ్చింది. ముందు తొమ్మిది, పది తరగతులే, తక్కినవాళ్ళు విడతల వారీగా. ఎనిమిదో తరగతి నవంబరు 23న మొదలైంది. ఒకటి నుంచి ఐదు వరకు పిల్లలు బడి గడప తొక్కేసరికి 2021 ఫిబ్రవరి వచ్చింది. మొదట ఏకంగా అందరికీ అని విన్న నవంబరు 2, ఆ చిన్నపిల్లలకు మూడు నెలలు జరిగిపోయింది.

ప్రభుత్వాన్ని తిట్టడానికి ఇదంతా చెప్పడం లేదు. వాయిదా వేయడం తప్పని కూడా నేననను. 2020 జూలై ఆఖరి వారంలో మన రాష్ట్రంలో రోజుకు పదివేల కేసులు దాటాయి. ఆగస్టు 3న బడి తెరిచి ఉంటే మనమే తాళం వేయించేవాళ్ళం. నవంబరులో తెరిచిన మూడు నాలుగు రోజులకే రాష్ట్రం మొత్తంలో 262 మంది పిల్లలకు, 160 మంది ఉపాధ్యాయులకు వైరస్ సోకిందన్న లెక్క వచ్చింది. వస్తున్న పిల్లలు దాదాపు నాలుగు లక్షలు, కాబట్టి శాతంలో చూస్తే చాలా తక్కువేనని అధికారులన్నారు. లెక్క ప్రకారం అది నిజం. కానీ ఉపాధ్యాయులు లక్ష మందే కదా, 160ని ఆ లక్షతో భాగించి చూడండి, ఫలితం వేరుగా ఉంటుంది. ఇక్కడ కూర్చున్న మేష్టార్లు ఆ లెక్క చూసుకునే బడికి వచ్చారు. సున్నంతో గుండ్రాలు గీసి, వాకిట్లో శానిటైజర్ పట్టుకుని నిలబడ్డారు. నాడు-నేడు పనులు జరుగుతున్న బడుల్లో సిమెంటు మూటలు పక్కకు జరిపించి బెంచీలు వేయించారు. అనుమతి పత్రం మీద సంతకం పెట్టమంటే "ఏమన్నా అయితే బాధ్యత ఎవరిది సార్?" అని అడిగిన తల్లిదండ్రులకు జవాబు చెప్పింది వాళ్ళే. పై నుంచి ఆ ప్రశ్నకు జవాబు రాసిన కాగితమేదీ వాళ్ళ చేతికి రాలేదు.

నా అభ్యంతరం వాయిదా మీద కాదు, తేదీ చెప్పిన పద్ధతి మీద.

మనది కె.సి. కాలువ చివరి ఊరు. సుంకేసుల దగ్గర తుంగభద్రను వదిలి, మూడు వందల కిలోమీటర్లు నడిచొచ్చి, ఆ కాలువ కడపలో ఆగిపోతుంది. నీళ్ళు ఎప్పుడొస్తాయో ముందే చెప్పగలిగిన ఇంజనీరు ఇంతవరకు పుట్టలేదు, ఎందుకంటే వాన కర్ణాటకలో పడాలి. అందుకే పని తెలిసినవాడు ఫలానా తేదీన వదులుతానని చెప్పడు. రెండు మాటలు చెబుతాడు. మట్టం ఇంతకు వస్తే వదులుతాం అనేది ఒకటి. వదిలే ముందు ఇన్ని రోజులు చాటింపు వేస్తాం అనేది రెండోది. రైతుకు ఆ రెండు చాలు. నారు పోసుకోవాలా, ఆరుతడి వేసుకోవాలా వాడే తేల్చుకుంటాడు. అలా కాకుండా తేదీ చెప్పి మార్చి, చెప్పి మార్చి చేస్తే నాలుగోసారి నిజంగా నీళ్ళొచ్చినా దుక్కి సిద్ధంగా ఉండదు.

బడి విషయంలో అదే జరిగింది. నవంబరు 2న తెరుస్తారంటే మన వీధుల్లో చాలామంది నమ్మలేదు. "మూడుసార్లు చెప్పినారు, ఇదీ అంతేలే" అన్నారు. ఆ రోజుల్లో రాష్ట్రంలో తొమ్మిది, పది తరగతుల పిల్లలు తొమ్మిదిన్నర లక్షలకు పైగా ఉంటే బడికొచ్చినవాళ్ళు నాలుగు లక్షల లోపే. భయంతో రానివాళ్ళున్నారు, వాళ్ళను ఏమీ అనలేం. కబురు నమ్మక రానివాళ్ళూ ఉన్నారు.

పోయి చేరింది ఎక్కడికో కూడా చెప్పాలి. తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడు, వాళ్ళ నాయన కువైట్లో ఉన్నాడు, ఆ మూడు నెలలుగా డబ్బు పంపలేదు. "ఆగస్టు 3 దాకా" అనే మాట మీద ఎర్రగుంట్ల వైపు బండల పాలిష్ ఫ్యాక్టరీలో చేరాడు. తర్వాత "సెప్టెంబరు 5 దాకా". తర్వాత దసరా దాకా. తేదీ జరిగిన ప్రతిసారీ వాడికి ఇంకో నెల జీతం చేతికొచ్చింది. ఇంట్లో ఆ జీతానికి ఓ ఖర్చు కుదురుకుంది. నవంబరు వచ్చేసరికి వాణ్ణి వెనక్కి తేవాలంటే బడి తెరిస్తే సరిపోలేదు, ఆ ఖర్చుకు జవాబు చెప్పాల్సి వచ్చింది. మన ఉపాధ్యాయులు ఇద్దరు, మన సంఘం వాళ్ళు ఇద్దరు నాలుగుసార్లు తిరిగారు. వాళ్ళమ్మ అడిగిన మాట నాకు గుర్తుంది: "మొదటే డిసెంబరు దాకా తెరవమని చెప్పింటే వాణ్ణి మా అన్న దగ్గర పెట్టి చదివించుకునేదాన్ని కదా సామీ." అబ్బాయి సంక్రాంతి దాటాక వచ్చాడు, పదో తరగతి పూర్తి చేశాడు. ఆ చుట్టుపక్కల ఇళ్ళలో ఆడపిల్లలకు ఈలోగా జరిగిపోయిన పెళ్ళిళ్ళ గురించి నేను ఈ వేదిక మీద మాట్లాడను, కానీ మన మేడములకు తెలుసు.

ఈ తిప్పలు మనకొక్కరికే అనుకోకండి. ఇంగ్లండులో 2021 జనవరి 3న బడులు సురక్షితమని ప్రధానమంత్రి టీవీలో చెప్పాడు. మర్నాడు సోమవారం చాలామంది చిన్నపిల్లలు బడికి పోయి వచ్చారు. ఆ రాత్రే లాక్‌డౌన్ ప్రకటించి మంగళవారం నుంచి మూసేశారు. సెలవుల తర్వాత ఒక్కరోజు బడి! న్యూయార్కు నగరంలో 2020 సెప్టెంబరు 21న తెరవాల్సిన బడులను నాలుగు రోజుల ముందు మేయరు మళ్ళీ వాయిదా వేశాడు. అయితే న్యూయార్కు వాళ్ళు ఒక మంచి పని చేశారు. పరీక్షల్లో పాజిటివ్ ఏడు రోజుల సగటు 3 శాతానికి చేరితే మూసేస్తామని ముందే చెప్పారు. అంటే మట్టం ఎంతో చెప్పారన్నమాట. నవంబరు 18న ఆ మట్టం వచ్చింది. కానీ ఆ సంగతి తల్లిదండ్రులకు మధ్యాహ్నం దాటాక తెలిసింది, మర్నాడు పొద్దున బడి లేదు. పొద్దుట్నించీ వాళ్ళు ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. మట్టం చెప్పి చాటింపు గడువు చెప్పకపోతే ఏమవుతుందో అక్కడ తెలిసింది.

మన పరీక్షల కథ క్లుప్తంగా చెబుతాను, అందరికీ తెలిసిందే. 2020లో పదో తరగతి పరీక్షలు మార్చి నుంచి జూలైకి జరిగి, పదకొండు పేపర్లు ఆరుగా తగ్గి, జూన్ 20న అసలే రద్దయ్యాయి. 2021లో సుప్రీంకోర్టు దాకా పోయింది. ఇంటర్ పరీక్షకు గదికి 15 మంది అంటే 34 వేలకు పైగా గదులు ఎక్కడ తెస్తారని న్యాయమూర్తులు అడిగారు. ఆ భాగహారం చిన్నదే, ఎవరైనా నెల ముందే చేసి ఉండొచ్చు. జూన్ 24న పదో తరగతి, ఇంటర్ రెండూ రద్దయ్యాయి. అప్పటిదాకా రెండు నెలలు పిల్లలు పుస్తకం మూయాలో తెరవాలో తెలియక ఉన్నారు.

కరోనా పోయింది కదా, ఇప్పుడెందుకీ గోల అని కొందరి మొహాల్లో కనబడుతోంది. బడి మూయడానికి కరోనాయే రానక్కరలేదు. 2020 నవంబరులో ఎనిమిదో తరగతి మొదలైన వారంలోనే నివర్ తుపాను వచ్చి, బుగ్గవంక పొంగి మన నగరంలో ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. మరుసటి సంవత్సరం నవంబరు 19న చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. రాజంపేట వైపు మన పూర్వ విద్యార్థుల ఇళ్ళు కూడా అందులో పోయాయి. ఎండలున్నాయి, ఎన్నికలున్నాయి. మనకు ఒంటిపూట బడి కూడా ఏటా ఒక కొత్త తేదీయే.

పైనుంచి వచ్చే ఉత్తర్వు మన చేతిలో లేదు. అది ప్రభుత్వం దగ్గర బయలుదేరి, జిల్లా విద్యాశాఖాధికారి, మండల విద్యాశాఖాధికారి, హెడ్మాస్టరు, క్లాసు టీచరు, చివరికి ఆటో డ్రైవరు దాకా రావాలి. కాలువ నీళ్ళలాగే చివరికి వచ్చేసరికి సగం ఇంకిపోతుంది. ఆ చివరి మైలు మాత్రం మనది. 2020లో ఆ మైలు మనం ఎట్లా నడిచామో గుర్తు చేసుకోండి. స్మార్ట్‌ఫోను ఉన్న ఇంటికి కబురు అరగంటలో పోయింది, దాంతోపాటు పాత వీడియోలు, దొంగ ఉత్తర్వులు కూడా పోయాయి. ఫోను లేని ఇంటికి, లేదా ఫోను నాయనతో పాటు పనికి పోయే ఇంటికి, మూడు రోజులకు పోయింది. దూరదర్శన్‌లో విద్యావారధి పాఠాలొస్తున్నాయని ఆగస్టు దాకా తెలియని ఇళ్ళు మాసాపేటలో నేను చూశాను. టీవీ ఉంది, పాఠం టైము ఎవరూ చెప్పలేదు.

అందుకని సంఘం ముందు పెడుతున్న ప్రతిపాదన ఇది. హెడ్మాస్టరు గారితో మాట్లాడాను, వారు సరేనన్నారు. బడి నుంచి ఖరారైన కబురు ఒకే చోట నుంచి, హెడ్మాస్టరు సంతకంతో, నోటీసు బోర్డు మీదికి వస్తుంది. ప్రతి వీధికీ మన పూర్వ విద్యార్థి ఒకరు ఆ కాగితాన్ని చూసుకుని, ఫోను లేని ఇళ్ళకు అదే సాయంత్రం స్వయంగా చెబుతారు. ఆ కాగితం మీద మూడు సంగతులు తప్పనిసరిగా ఉంటాయి: ఖరారైంది ఏమిటి, ఇంకా తేలనిది ఏమిటి, తర్వాతి కబురు ఏ రోజు చెబుతాం. తేలనిదాన్ని తేలనిదిగానే రాయాలని నేను పట్టుబట్టాను. ఒక మేష్టారు, "తెలియదు అని బడి రాస్తే పరువు పోదా?" అన్నారు. నాలుగు తేదీలు మారినప్పుడు పోయినంత పోదని నా ఉద్దేశం. బడి తన చేతిలో ఉన్న మార్పులకు, అంటే వేళలు, షిఫ్టులు, సెక్షన్ల లాంటివాటికి, ఐదు పనిదినాల గడువు లేకుండా మార్చదు. హాస్టలు పిల్లల పేర్లు, బస్సులో వచ్చేవాళ్ళ పేర్లు విడిగా ఒక జాబితా ఉంటుంది, ఎందుకంటే బడి తెరిచినా హాస్టలు తెరవకపోతే ఆ పిల్లవాడికి బడి మూసినట్టే.

ఖర్చు పెద్దగా లేదు. కాగితాలు, నడక. నడవలేని పెద్దవాళ్ళు మీ మనవల్ని పంపండి.

రిజిస్టరు వెనక బల్ల మీద పెట్టాం, పక్కనే పెన్ను కట్టి ఉంది. శంకరాపురం, ఎర్రముక్కపల్లె, చిన్నచౌకు వీధులకు పేర్లు వచ్చాయి. పాత కడపకు ఒక్కరే రాశారు, చెమ్ముమియాపేటకు ఇంకా ఎవరూ లేరు. ఆ వైపు వాళ్ళు ఇక్కడ కనీసం పదిమంది ఉన్నారు, నాకు కనబడుతున్నారు. భోజనాల పిలుపు వచ్చేలోగా ఒకసారి వెనక్కి పోయి చూడండి.