పెళ్లి బరాత్ మీద డ్రోన్: గాల్లో ఉండగా సిగ్నల్ పోతే ఏం చేయాలి?

పెళ్లిళ్ల సీజన్‌లో మన వరంగల్, హన్మకొండ, కాజీపేటలో ఏ గల్లీకి వెళ్లినా పైన డ్రోన్ గుయ్యిమంటూ ఉంటుంది. ఎగరేసేది చాలాసార్లు మన వయసు వాళ్లే. చేతిలో రిమోట్, దానికి తగిలించిన ఫోన్, వెనకాల డీజే. నిజం చెప్పాలంటే ఇప్పటి డ్రోన్ ఎగరేయడం చాలా తేలిక. స్టిక్ వదిలేస్తే ఉన్నచోటే నిలబడుతుంది. ఆ తేలికే అసలు సమస్య. అంతా బాగున్నప్పుడు అదే చూసుకుంటుంది, తేడా వచ్చిన రోజు మాత్రం మనమే చూసుకోవాలి. ఈ ఎపిసోడ్ ఆ రోజు గురించి.

నేను సాఫ్ట్‌వేర్‌లో పని చేసినప్పుడు ఒక పద్ధతి ఉండేది. కొత్త కోడ్ లైవ్‌లో పెట్టే ముందు, అది ఫెయిలైతే వెనక్కి ఎలా రావాలో రాసి పెట్టాలి. రాయలేదా, పెట్టకూడదు. సర్వర్ పడిపోతే పోయేది డబ్బు. డ్రోన్ పడిపోతే కింద మనిషి ఉంటాడు. అందుకే నేను చెప్పే మొదటి మాట ఇది: డ్రోన్ లేపే ముందే, అవసరమైతే దాన్ని ఎక్కడ పడేయాలో చోటు చూసి పెట్టుకోండి. ఖాళీ ప్లాట్ కావచ్చు, పొలం కావచ్చు, చెరువు కావచ్చు. అలాంటి చోటు ఒక్కటి కూడా కనబడలేదంటే, ఆ గల్లీలో ఎగరేయొద్దు.

ముందు రూల్స్ రెండు నిమిషాల్లో చూసేద్దాం. మనకి వర్తించేది 2021 డ్రోన్ రూల్స్. డ్రోన్‌కి యూఐఎన్ అనే రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. 2 కిలోల లోపు డ్రోన్‌ని సొంత సరదాకి ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. కానీ పెళ్లికి డబ్బులు తీసుకుంటున్నారంటే అది సరదా కాదు కదా! 250 గ్రాములు దాటిన డ్రోన్ అయితే సర్టిఫికెట్ కావాలి, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కూడా కావాలి. రూల్ తప్పితే జరిమానా లక్ష రూపాయల దాకా ఉంటుంది.

తర్వాత మ్యాప్. డిజిటల్ స్కై మ్యాప్‌లో గ్రీన్, యెల్లో, రెడ్ జోన్లు ఉంటాయి. గ్రీన్‌లో 400 అడుగుల వరకు ఓకే. ఏదైనా పెద్ద కార్యక్రమం ఉంటే 96 గంటల వరకు తాత్కాలిక రెడ్ జోన్ పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉంది. కాబట్టి మ్యాప్ నిన్న రాత్రి చూశాను అంటే కుదరదు, ఎగరేసే రోజు పొద్దున మళ్లీ చూడాలి. ఇంకొకటి, మామునూరు ఎయిర్‌పోర్ట్‌కి కేంద్రం 2025లో పచ్చజెండా ఊపింది. నడుస్తున్న ఎయిర్‌పోర్ట్ అయితే దాని ప్రహరీ నుంచి 5 నుంచి 8 కిలోమీటర్ల మధ్య నేల మీద నుంచే యెల్లో జోన్, అంటే అనుమతి లేకుండా లేపకూడదు. 8 నుంచి 12 మధ్య 200 అడుగుల వరకే గ్రీన్. ఖిలా వరంగల్‌కి మామునూరు ఎంత దగ్గరో మనకు తెలుసు. విమానాలు మొదలైతే మన సిటీ మ్యాప్ మారిపోతుంది. కోట, వేయి స్తంభాల గుడి, రామప్ప లాంటి చోట్ల అయితే పురావస్తు శాఖ అనుమతి ఎప్పుడైనా కావాల్సిందే.

ఇప్పుడు టేకాఫ్ ముందు చెక్. ప్రొపెల్లర్ అంచు మీద వేలు పెట్టి చూడండి. చిన్న పగులు ఉన్నా మార్చేయండి. బ్యాటరీ కొంచెం ఉబ్బినా పక్కన పెట్టేయండి, దానికి రెండో ఛాన్స్ ఇవ్వొద్దు. మన దగ్గర మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటుతుంది. చాలా చిన్న డ్రోన్లకి కంపెనీ రాసిన పరిమితి 40 డిగ్రీలే. ఎండలో ఫోన్ కూడా వేడెక్కి స్క్రీన్ మసకబారుతుంది. ఫోన్‌లో డు నాట్ డిస్టర్బ్ పెట్టండి. స్లాబ్ మీద నుంచి నేరుగా లేపొద్దు. లోపలున్న ఇనుప చువ్వల వల్ల కంపాస్ తప్పు చూపిస్తుంది. సంక్రాంతి సమయంలో మాంజా సంగతి వేరే చెప్పక్కర్లేదు.

అన్నింటికంటే ముఖ్యమైన సెట్టింగ్, రిటర్న్ టు హోమ్ ఎత్తు. సిగ్నల్ పోతే డ్రోన్ ఈ ఎత్తుకి లేచి, నేరుగా బయల్దేరిన చోటికి వస్తుంది. మీరు 20 మీటర్లు పెట్టి, దారిలో 35 మీటర్ల సెల్ టవర్ ఉందనుకోండి, పోయి టవర్‌కే కొట్టుకుంటుంది. చుట్టూ ఎత్తైనది ఏదో చూసి, దానికంటే పైన పెట్టండి.

ఇక్కడే బరాత్‌లో ఒక మెలిక ఉంది. డ్రోన్ లేపింది పెళ్లికొడుకు ఇంటి ముందు. అరగంటలో బరాత్ అర కిలోమీటరు ముందుకు పోయింది, మీరూ దాంతోపాటే నడిచారు. బ్యాటరీ మార్చి అక్కడి నుంచి లేపితే పర్వాలేదు. అదే ఫ్లైట్‌లో ఉంటే మాత్రం డ్రోన్ గుర్తుపెట్టుకున్న హోమ్ పాయింట్ ఇంకా ఆ ఇంటి ముందే. సిగ్నల్ పోతే అది మీ దగ్గరికి రాదు, అక్కడికి పోయి దిగుతుంది. అక్కడ ఇప్పుడు కుర్చీలు, పిల్లలు ఉంటారు. కాబట్టి మీరు కదిలినప్పుడల్లా యాప్‌లో హోమ్ పాయింట్ మార్చండి.

సరే, అన్నీ చేశాక కూడా తేడా వచ్చింది. ఏం చేయాలి?

వీడియో పోయింది: కంగారు పడొద్దు. వీడియో పోయినా కంట్రోల్ ఉండొచ్చు. తల ఎత్తి డ్రోన్‌ని చూడండి. యాంటెన్నా కొన డ్రోన్ వైపు కాదు, వెడల్పు భాగం దాని వైపు ఉండాలి. ఫోన్ హ్యాంగ్ అయితే రిమోట్ మీద రిటర్న్ బటన్ ఉంటుంది, అది నొక్కండి.

జీపీఎస్ పోయింది: డ్రోన్ గాలికి కొట్టుకుపోవడం మొదలవుతుంది. స్టిక్ కొద్దికొద్దిగా మాత్రమే కదిపి, జనం లేని వైపు తీసుకెళ్లి దించేయండి.

బ్యాటరీ అయిపోయింది: చివర్లో డ్రోన్ తనంతట తనే కిందికి దిగుతుంది. అప్పుడు కూడా చాలా మోడళ్లలో పక్కకి జరపొచ్చు. ముందే చూసి పెట్టుకున్న చోటు ఇప్పుడు పనికొస్తుంది. ఎదురుగాలిలో తిరిగి రావడానికి ఎక్కువ ఛార్జ్ కావాలి. అందుకే పోయేటప్పుడు గాలికి ఎదురు పోవాలి, వచ్చేటప్పుడు గాలితో రావాలి.

హెలికాప్టర్ శబ్దం వినబడింది: ఇంకేం ఆలోచించొద్దు, వెంటనే దించేయండి. 2023 జులైలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగినప్పుడు సహాయానికి హెలికాప్టర్లు వచ్చాయి. అలాంటి రోజు వరద షాట్ కోసం డ్రోన్ లేపితే ఏమవుతుందో లాస్ ఏంజెలెస్‌లో చూశాం. 2025 జనవరి 9న అక్కడ కార్చిచ్చు మీద నీళ్లు పోస్తున్న విమానానికి ఒకాయన డ్రోన్ తగిలింది. పార్కింగ్ బిల్డింగ్ పైనుంచి లేపి, రెండున్నర కిలోమీటర్లు పంపించాడు, డ్రోన్ కంటికి కనబడకుండా పోయింది. విమానం రెక్కకి రంధ్రం పడింది. అదృష్టం బాగుండి క్షేమంగా దిగింది కానీ, మంటలు మండుతున్నప్పుడే రిపేరుకి పోయింది.

చివరిగా, కష్టమైన మాట. పెళ్లివాళ్లు అడుగుతారు, "తమ్ముడూ, ఇంకొంచెం కిందికి తే, అందరి మొఖాలు కనబడాలె" అని. పైసలు ఇచ్చేది వాళ్లే, కాదనడం ఇబ్బందే. కానీ జనం తలల మీదికి తెస్తే, మీరు చూసి పెట్టుకున్న చోటుకి పోయే టైమ్ ఉండదు. "అన్నా, పక్కనుంచి తీస్తా, మొఖాలు ఇంకా బాగా వస్తాయి" అనండి. అది అబద్ధం కూడా కాదు, పైనుంచి తీస్తే కనబడేవి తలపాగాలే.

ఒకవేళ నిజంగా ఎంచుకోవాల్సి వస్తే, అటు ఎనభై వేల డ్రోన్, ఇటు కింద నిలబడ్డ పాప. చెరువులో పడేయండి. ఆ నిర్ణయం గాల్లో ఉన్నప్పుడు తీసుకోలేం, చేతులు వణుకుతాయి. నేల మీద ఉన్నప్పుడే తీసేసుకోండి.

ఈ సీజన్‌లో బరాత్ కవర్ చేసే ఫ్రెండ్ ఎవరైనా ఉంటే వాళ్లకి ఇది పంపండి. తర్వాతి ఎపిసోడ్‌లో కలుద్దాం.