తట్టు టీకా పెద్దలకెందుకు?



కామాఠీపురా చాళ్లలో టీకా మాట ఎత్తగానే, "మాకు చిన్నప్పుడే అమ్మవారు పోసింది, ఇక భయమేమి?" అన్న జవాబు వినిపిస్తుంది. పోసినది ఏ అమ్మవారన్నదే ప్రశ్న. నీటిపొక్కులు లేచినది ఆటలమ్మ. తీవ్ర జ్వరం, దగ్గు, కళ్ల ఎరుపు వచ్చి, ముఖం నుండి ఒళ్లంతా ఎర్రని దద్దుర్లు పాకినది తట్టు. ఒకసారి తట్టు వచ్చినవారికి సాధారణంగా జీవితాంతం రక్షణ ఉంటుంది. ఆటలమ్మ మాత్రం ఆ రక్షణ ఇవ్వదు. రెండింటి వైరస్‌లు వేరు.

ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో తట్టు టీకా 1985లో చేరింది, రెండవ మోతాదు 2010లో గాని రాలేదు. కనుక ముప్పై దాటిన అనేకులకు ఒక్క మోతాదే అంది ఉండవచ్చు. ఆ కార్డు పాలమూరులోనే ఎప్పుడో పోయి ఉంటుంది! సందేహమున్నవారు రక్తపరీక్ష చేయించుకోవచ్చు. లేదా వైద్యుని సలహాపై నాలుగు వారాల ఎడంతో రెండు మోతాదులు తీసుకోవచ్చు. ఇదివరకే రక్షణ ఉన్నా అదనపు మోతాదుతో హాని లేదు. గర్భిణులు, రోగనిరోధక శక్తి బాగా క్షీణించినవారు మాత్రం ఈ టీకా తీసుకోరాదు. పెళ్లి కావలసిన ఆడపిల్లలు ముందే తీసుకొనుట మేలు.

2022 చివర ముంబయిలో తట్టు ప్రబలి పసివారు మరణించారు. తొమ్మిది నెలలు నిండని శిశువుకు సాధారణంగా ఈ టీకా వేయరు. రోగి వెళ్లిపోయిన గదిలోనూ వైరస్ రెండు గంటల వరకు గాలిలో నిలుస్తుంది. దద్దుర్లకు నాలుగు రోజుల ముందునుండే అంటుతుంది. ఊరినుండి జ్వరంతో వచ్చిన బంధువును, పసిబిడ్డ ఉన్న ఖోలీలో పడుకోబెట్టక, మాస్కు కట్టి ముందుగా మున్సిపల్ దవాఖానాకు తీసుకువెళ్లాలి.