నడిరేయి బిడ్డకు ఊపిరి పట్టేస్తే?
(ఆరోగ్య కేంద్రంలో దంపతుల కోసం చేసిన ప్రసంగం)



చలి దినాలు. పగలంతా ఆడుకున్న బిడ్డకు కొంచెం జలుబు, ఒళ్ళు వెచ్చన. నడిరేయి ఉన్నట్టుండి లేచి కుక్క మొరిగినట్టు దగ్గుతాడు. గొంతు బొంగురుపోతుంది. ఊపిరి లోపలికి తీసినప్పుడు కూత వినిపిస్తుంది. దీనిని డాక్టర్లు 'క్రూప్' అంటారు.

ఇది దిష్టి కాదు, గాలి సోకడం కాదు. జలుబు తెచ్చే వైరస్ క్రిములవల్ల గాలి గొట్టం పైభాగం వాస్తుంది. ఆరు నెలల నుంచి మూడేళ్ళ లోపు పిల్లలకు ఆ దారి మొదలే సన్నం. చాలామందికి మూడు నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది.

ఇంట్లో ఏం చేయాలి? బిడ్డను ఏడవనీయకండి. ఏడ్చేకొద్దీ ఊపిరి మరింత కష్టమవుతుంది. పడుకోబెట్టక, ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకోండి. తల్లి బెదిరితే బిడ్డా బెదురుతుంది. కాబట్టి నాయన కేకలు వేయక, ఇంట్లో గుంపు చేరనీయక పక్కనే ఉండాలి. దుప్పటి కప్పి వాకిట్లో కాసేపు చల్లగాలి తగలనిస్తే కొందరికి నెమ్మదిస్తుంది. తల్లిపాలు మానవద్దు. కాచి చల్లార్చిన నీళ్ళు గుక్క గుక్కగా పట్టండి. జ్వరముంటే నర్సమ్మ చెప్పిన మోతాదులోనే పారాసిటమాల్ ఇవ్వండి.

వాతలు పెట్టవద్దు. గొంతులో వేలు పెట్టవద్దు. ఆముదం, పసరు పోయవద్దు. పొగ వేయవద్దు. మరిగే నీళ్ళ ఆవిరి పట్టవద్దు. దానివల్ల మేలు లేదు, బిడ్డ ఒళ్ళు కాలే ప్రమాదముంది.

ఒక్క గుర్తు మరవకండి. బిడ్డ ఏడవకుండా ఊరకున్నా కూత వినిపిస్తే, డొక్కలు లోపలికి పీక్కుపోతే, పెదవులు నీలిబారితే, చొల్లు కారుతూ మింగలేకపోతే, మత్తుగా ఉంటే 'తెల్లవారనీ' అనకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో డెక్సామెథాసోన్ అనే మందు ఒక్క మోతాదు ఇస్తే కొన్ని గంటల్లో వాపు తగ్గుతుంది. రాత్రి నెమ్మదించినా మరునాడు బిడ్డను డాక్టరుకు చూపించండి.

మన అనంతపురం శెనక్కాయల సీమ. కాయలు ఒలిచేచోటే పసిపిల్లలు ఆడుకుంటారు. జలుబేమీ లేకుండా, గింజలు తింటూ బిడ్డ ఉక్కిరిబిక్కిరైతే గింజ గాలి గొట్టంలో పడి ఉండవచ్చు. దగ్గు ఆగినా ఆసుపత్రికి తీసుకుపోండి. ఐదేళ్ళ లోపు పిల్లలకు గింజలు పొడి చేసే పెట్టండి.

కంఠసర్పి కూడా ఇలాగే ఊపిరి అడ్డగిస్తుంది. దానికి టీకా ఉంది: 6, 10, 14 వారాలకు, మళ్ళీ 16–24 నెలల మధ్య, తిరిగి 5–6 ఏళ్ళకు. బిడ్డ టీకా కార్డు ఈ రోజే తీసి చూసుకోండి. తప్పిన టీకా ఉంటే రేపే ఇక్కడికి రండి.