ఏ పుస్తకం కొనాలి?

(కంప్యూటర్ మరమ్మతు సర్టిఫికెట్ పరీక్షకు కూర్చునే పిల్లల గురించి వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో విద్యా విభాగం తరఫున ఎవరో ఒకరం నిలబడి, ఎంతమందికి స్కాలర్‌షిప్పులు ఇచ్చామో, ఎంతమంది పాసయ్యారో చదివి కూర్చోవడం ఆనవాయితీ. ఆ లెక్కలు ఈ సంచికలోనే వేరే పేజీల్లో ఉన్నాయి. ఈసారి మేము ఒక చిన్న విషయం మాట్లాడదలచుకున్నాం. అది పుస్తకం కొనడం గురించి. ఇంత పెద్ద సభలో పుస్తకం కొనడం గురించి చెప్పాలా అని మీకు అనిపించవచ్చు. ఆ పుస్తకం కొన్నది మీ డబ్బుతో. తప్పు పుస్తకం కొన్నది మేము. అందుకే చెబుతున్నాం.

మా పిల్లల్లో పదో తరగతితోనో, ఇంటర్‌తోనో చదువు ఆగిపోయి సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో, కంప్యూటర్ షాపుల్లో పనికి కుదిరినవాళ్లు చాలామంది ఉన్నారు. చేతిలో పనితనం ఉంటుంది. చేతిలో కాగితం ఉండదు. ఏ కంపెనీకి వెళ్లినా, గల్ఫ్ వీసా కోసం ఏజెంటు దగ్గరికి వెళ్లినా మొదట అడిగేది కాగితమే. అలాంటివారికి పనికొచ్చే పరీక్షల్లో ఒకటి కాంప్టియా ఏ ప్లస్. 1993లో అమెరికాలో మొదలైంది. మన దేశంలో కూడా పరీక్షా కేంద్రాల్లో రాయవచ్చు. డిగ్రీ ఉండాలన్న షరతు లేదు.

దీనిలో రెండు పేపర్లు. మొదటిది కోర్ వన్, రెండోది కోర్ టూ. ఒక్కో పేపరుకు 90 నిమిషాలు, గరిష్ఠంగా 90 ప్రశ్నలు. మార్కుల కొలత 100 నుంచి 900 వరకు. మొదటి పేపరు గట్టెక్కాలంటే 675, రెండోదానికి 700 రావాలి. రెండూ పాసైతేనే సర్టిఫికెట్. అది మూడేళ్లు చెల్లుతుంది, ఆపైన పొడిగించుకోవాలి. ఒక్కో పేపరుకు విడిగా ఫీజు కట్టాలి. తప్పితే మళ్లీ పూర్తి ఫీజు కట్టాల్సిందే, తగ్గింపు ఉండదు. ఈ ఒక్క మాట దాతలు గుర్తుంచుకోవాలి. పుస్తకం తప్పయితే పోయేది పుస్తకం ఖరీదు మాత్రమే కాదు.

ఇక మా తప్పు చెబుతాం. 2025 వేసవిలో ఒక పుస్తకాల షాపువారు ఈ పరీక్ష గైడ్లను సగం ధరకే ఇస్తామన్నారు. మంచి బేరం అనుకున్నాం. ఒక దాత వెంటనే డబ్బు సర్దారు. కట్ట విప్పి, సొసైటీ ముద్ర వేసి, పిల్లలకు పంచి, ఫొటో కూడా దిగాం. అట్ట మీద ఉన్న నంబరు మాత్రం చూడలేదు.

ఆ నంబరే అసలు సంగతి. ఈ పరీక్షకు కోడ్ ఉంటుంది, కొన్నేళ్లకోసారి అది మారుతుంది. మేము పంచిన పుస్తకాలు 220-1101, 220-1102 కోడ్‌లవి. 2025 మార్చిలోనే 220-1201, 220-1202 అనే కొత్త పరీక్షలు వచ్చాయి. పాతవి ఆ సెప్టెంబరుతో ఆగిపోయాయి. షాపువారు ఎందుకు సగం ధరకు ఇచ్చారో అప్పుడు అర్థమైంది.

మా పిల్లవాడొకడు పగలు షాపులో పని చేసుకుంటూ, ఇషా తర్వాత ఇంట్లో కూర్చుని ఆ పుస్తకం చదివాడు. ఆగస్టులో మొదటి పేపరు రాసి పాసయ్యాడు. ఫీజులో సగం సొసైటీ ఇచ్చింది, సగం వాళ్ల అమ్మీ కుట్టుమిషన్ మీద సంపాదించింది. రెండో పేపరుకు ఇంకో రెండు నెలలు కావాలన్నాడు. అప్పటికి పాత పరీక్ష మూతపడింది. పాత వరుసలో మొదటి పేపరు, కొత్త వరుసలో రెండో పేపరు కలిపితే సర్టిఫికెట్ రాదు. రెండూ ఒకే వరుసవి కావాలి. అంటే వాడు పాసైన పేపరు కూడా వృథా అయింది.

మేము ఇంటికెళ్లి చెప్పాం. వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "సార్, పుస్తకం మీద తేదీ ఏదైనా రాసుంటే నేనే తొందరపడేవాణ్ని కదా" అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు, అందుకే మాకు ఎక్కువ తగిలింది. బి.ఎడ్. చదివి ఇన్నేళ్లు పాఠాలు చెప్పినవాళ్లం, పాఠ్యపుస్తకం చూడకుండా పిల్లవాడి చేతికిచ్చాం.

అందుకని పుస్తకం ఎలా ఎంచుకోవాలో ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాం. మీ ఇళ్లలో, బంధువుల్లో ఎవరైనా ఈ పరీక్ష రాస్తుంటే మీకూ పనికొస్తుంది.

మొదటిది, కోడ్. అట్ట మీద పరీక్ష కోడ్ చూడకుండా పుస్తకం ముట్టుకోకూడదు. హైదరాబాద్ కోఠీలోనో, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీదనో పాత పుస్తకాలు చవకగా దొరుకుతాయి. చవక తప్పు కాదు. పాత పుస్తకంలోనూ మదర్‌బోర్డు మదర్‌బోర్డే. కాని పరీక్ష కోసమైతే కోడ్ కలవాలి. కోడ్ కలిసినా, ఆ పరీక్ష ఎప్పటివరకు ఉంటుందో, మన పిల్లవాడికి చదవడానికి ఎన్ని నెలలు పడుతుందో రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. పగలు పని చేసుకునే పిల్లవాడి నెల, కాలేజీకి వెళ్లే పిల్లవాడి నెల ఒకటి కావు.

రెండోది, సిలబస్. పరీక్ష పెట్టే సంస్థ ఏయే అంశాలు అడుగుతారో ఒక పట్టికగా ఉచితంగా ఇస్తుంది. పుస్తకం కంటే ముందు దాన్ని ప్రింటు తీయించాలి. ప్రస్తుత మొదటి పేపరులో హార్డ్‌వేర్, నెట్‌వర్క్ లోపాలు కనిపెట్టి సరిచేయడానికి 28 శాతం, హార్డ్‌వేర్‌కు 25, నెట్‌వర్కింగ్‌కు 23, మొబైల్ పరికరాలకు 13, వర్చువలైజేషన్, క్లౌడ్‌లకు 11 శాతం. రెండో పేపరులో ఆపరేటింగ్ సిస్టమ్‌లకు 28, సెక్యూరిటీకి 28, సాఫ్ట్‌వేర్ లోపాలకు 23, పని పద్ధతులకు 21. ఆ పట్టికలోంచి ఏవైనా అయిదు అంశాలు తీసుకుని, పుస్తకం వెనుక విషయసూచికలో వెతకండి. అయిదూ దొరికి, చదివితే అర్థమైతే సరే. రెండు దొరక్కపోతే ఆ పుస్తకం అక్కడే పెట్టేయండి.

మూడోది, వివరణ. మా శిక్షణ కాలేజీలో బ్లూమ్ వర్గీకరణ చదివాం. 1956లో వచ్చినది. జ్ఞాపకం ఉంచుకోవడం కింది మెట్టు, అర్థం చేసుకోవడం, వాడుకోవడం పై మెట్లు. గైడ్లలో సగం కింది మెట్టు దగ్గరే ఆగిపోతాయి. ఒక ఉదాహరణ చెబుతాం. డెస్క్‌టాప్‌లో వేసే డీడీఆర్4 ర్యామ్‌కు 288 పిన్నులు, డీడీఆర్5కూ 288 పిన్నులే. ఒక పుస్తకం ఈ అంకెలు రాసి ఊరుకుంటుంది. అది చదివిన పిల్లవాడు రెండూ ఒకే స్లాట్‌లో పడతాయనుకుంటాడు. మంచి పుస్తకం, పిన్నుల లెక్క ఒకటే అయినా గాడి చోటు వేరని, అందుకే ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి కూర్చోదని, ఓల్టేజీ కూడా వేరని, బలవంతం చేస్తే బోర్డు పాడవుతుందని చెబుతుంది. పుస్తకం తెరవగానే ఇలాంటి ఒక పేజీ చదవండి. 'ఎందుకు' అన్న ప్రశ్నకు జవాబు ఉందా లేదా చూడండి.

నాలుగోది, అభ్యాస ప్రశ్నలు. ఈ పరీక్షలో బిట్లు మాత్రమే ఉండవు. తెర మీద ఒక పరిస్థితి ఇచ్చి, ఇది సరిచేయమని అడిగే ప్రశ్నలు కూడా ఉంటాయి. లోపం కనిపెట్టడానికి సిలబస్‌లోనే ఆరు మెట్లు చెప్పారు. సమస్య ఏమిటో అడిగి తెలుసుకోవడం, కారణం ఇదై ఉండవచ్చని అనుకోవడం, అది నిజమో కాదో పరీక్షించడం, ఏం చేయాలో నిర్ణయించుకుని చేయడం, మొత్తం సరిగా పనిచేస్తోందో లేదో చూడటం, చేసింది రాసిపెట్టడం. పుస్తకంలోని ప్రశ్నలు ఈ వరుసలో ఆలోచింపజేయాలి. సరైన జవాబు 'బి' అని చెప్పి వదిలేయకుండా, మిగతా మూడూ ఎందుకు కావో చెప్పే పుస్తకమే పిల్లవాడికి ఇంట్లో మాస్టారు.

అయిదోది, భాష. ఈ పరీక్ష తెలుగులోనూ లేదు, ఉర్దూలోనూ లేదు. మా పిల్లలు ఆ రెండు మీడియంల నుంచి వచ్చినవాళ్లే. అందుకని చిన్న వాక్యాలు, ఎక్కువ బొమ్మలు, వెనుక పదకోశం ఉన్న పుస్తకం చూస్తున్నాం. వెయ్యి పేజీలు దాటిన మైక్ మేయర్స్ గైడ్ లాంటి లావుపాటి పుస్తకం లైబ్రరీలో ఒకటి ఉంటే చాలు, సందేహం వచ్చినప్పుడు అందరూ తిప్పుకుంటారు. చేతికి ఇచ్చేది మాత్రం పిల్లలు పూర్తి చేయగలిగినదై ఉండాలి. ప్రొఫెసర్ మెస్సర్ ఈ పరీక్షకు చెప్పిన వీడియో పాఠాలు ఉచితంగానే దొరుకుతాయి. వాటిని పుస్తకంతో కలిపి చూపిస్తున్నాం. మా అమ్మాయి ఒకామె లేజర్ ప్రింటర్ పనిచేసే ఏడు దశలను పేజీ అంచున ఉర్దూలో రాసుకుని, ఇంట్లో చెల్లెలికి అప్పజెప్పి నేర్చుకుంది. ఆ పేజీ చూసి మేము కూడా నేర్చుకున్నాం.

ఆరోది, కొనకూడనిది. 'అసలు పరీక్షలో వచ్చిన ప్రశ్నలు ఇవే, గ్యారంటీ' అని జిరాక్స్ కట్టలు, ఫోన్లలో ఫైళ్లు తిరుగుతుంటాయి. అవి దొంగ సరుకు. వాటితో చదివారని తేలితే సర్టిఫికెట్ రద్దు చేస్తారు, మళ్లీ పరీక్షకు రానివ్వకపోవచ్చు కూడా. తేలకపోయినా నష్టమే. జవాబులు బట్టీపట్టి పాసైనవాడి ముందు రేపు ఆగిపోయిన కంప్యూటర్ పెడితే చేతులు కట్టుకుని నిలబడాలి. మీరిచ్చే ప్రతి రూపాయి మా దగ్గర అమానత్. ఆ డబ్బుతో అలాంటిది ఒక్క కాగితం కూడా కొనబోమని ఈ సభలో చెబుతున్నాం.

ఈ ఆరింటినీ ఒక రిజిస్టరులో రాశాం. ఇకపై ఏ పుస్తకం వచ్చినా, కొన్నా, ఉచితంగా ఇచ్చినా, ఇద్దరు ఉపాధ్యాయులు చూసి సంతకం చేస్తారు. ప్రతి పుస్తకం మొదటి పేజీలో దాతల పేరు కంటే పైన పరీక్ష కోడ్ రాస్తాం. చివరి తేదీ ప్రకటించిన రోజున, పుస్తకాలన్నీ తెప్పించి ఆ తేదీ కూడా రాస్తాం. ఆ పిల్లవాడు అడిగింది అదే కదా.

దాతలకు మా విన్నపాలు మూడు. ఒకటి, పుస్తకాలు కొని పంపకండి, మాతో ఒక మాట చెప్పి పంపండి. ఇరవై పాత పుస్తకాల కంటే అయిదు సరైన పుస్తకాలు మేలు. రెండు, పుస్తకానికి ఇచ్చేటప్పుడు పరీక్ష ఫీజు గురించి కూడా ఆలోచించండి. పుస్తకం చదివి ఫీజు లేక ఆగిపోయినవాళ్లు మా దగ్గర ఉన్నారు. మూడు, మీ ఆఫీసుల్లో, షాపుల్లో మూలన పడేసిన పాత కంప్యూటర్లు ఉంటే పాత సామాన్లవాడికి కిలోల లెక్కన వేయకండి, మాకివ్వండి. ఎస్‌ఎంపీఎస్ కాలిపోయినా, డిస్‌ప్లే రాకపోయినా పర్వాలేదు. పాడైన కంప్యూటరే మా పిల్లలకు మంచి పాఠం. దాన్ని విప్పకుండా ఎంత మంచి పుస్తకం చదివినా, ఈత పుస్తకం చదివి చెరువులో దిగినట్టే.

ఆ పిల్లవాడు మళ్లీ మొదటి నుంచి చదువుతున్నాడు. కొత్త కోడ్ పుస్తకం మేమే ఇచ్చాం. ఈసారి రెండు పేపర్ల ఫీజూ సొసైటీ భరించాలని కమిటీలో తీర్మానించాం. అది మేము చేస్తున్న దానం కాదు, మేము వాడికి బాకీ ఉన్నది. వాడు ఈ రోజు ఇక్కడికి రాలేదు, షాపులో పని ఉందన్నాడు. వచ్చే ఏడాది ఈ సభకు వస్తాడని, పాసైన కబురు వాడే చెబుతాడని ఆశిస్తున్నాం. ఇన్షా అల్లాహ్.