సెలైన్ సీసాకి టెస్టర్ ఎవరు?

ఈ ఎపిసోడ్ ఐడియా నాది కాదు, మా నాన్నది.

మొన్న ఆయనకి గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయింది. ఇప్పుడు బాగానే ఉన్నారు. ఆ రాత్రి ఆసుపత్రిలో పక్కన కూర్చుని సెలైన్ చుక్కలు చూస్తున్నా. నిద్రపోయారనుకున్నా. ఆయన మెల్లగా కళ్ళు తెరిచి, "ఏరా, ఇది నేరుగా రక్తంలోకి పోతోంది కదా. తాగే నీళ్ళే కాచి తాగుతాం. ఇది శుభ్రంగా ఉందని ఎవరు చూశారు?" అన్నారు.

"కంపెనీ వాళ్ళు టెస్ట్ చేసే పంపిస్తారు నాన్నా, పడుకోండి" అన్నా. కానీ నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినోణ్ణి. "టెస్ట్ చేసే ఉంటార్లే" అనే మాటని ఎంతవరకు నమ్మాలో నాకు తెలుసు కదా! ఫోన్ తీసి చదవడం మొదలుపెట్టా. తెల్లారేసరికి నాకు దొరికిన టెస్టర్ మనిషి కాదు. సముద్రంలో ఉండే ఒక జీవి.

ముందు సమస్య ఏంటో చూద్దాం. ఈ కొలై లాంటి కొన్ని బ్యాక్టీరియాల పై పొరలో ఎండోటాక్సిన్ అనే పదార్థం ఉంటుంది. సెలైన్‌ని 121 డిగ్రీల ఆవిరిలో పెడితే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. కానీ దాని పొర ముక్కలు అలాగే మిగులుతాయి. అవి పోవాలంటే 250 డిగ్రీల పొడి వేడిలో 30 నిమిషాలు ఉంచాలి. గాజు సీసాలకైతే అలా చేయొచ్చు, లోపలున్న మందుకి చేయలేం. ఆ ముక్కలు రక్తంలోకి వెళ్తే చలి, వణుకు, జ్వరం వస్తాయి. డోస్ ఎక్కువైతే బీపీ పడిపోయి ప్రాణం మీదకి రావచ్చు. అందుకే లిమిట్ పెట్టారు: సాధారణంగా రక్తంలోకి ఎక్కించే మందుల్లో శరీరం బరువు కిలోకి, గంటకి 5 ఎండోటాక్సిన్ యూనిట్లు దాటకూడదు.

మరి దీన్ని కనిపెట్టేదెలా? ఒకప్పుడు మందుని కుందేళ్ళకి ఎక్కించి, జ్వరం వస్తుందేమో అని గంటల తరబడి చూసేవాళ్ళు.

ఇక్కడే మన హీరో ఎంట్రీ. హార్స్‌షూ క్రాబ్, అంటే గుర్రపునాడా పీత. పేరుకే పీత, నిజానికి సాలెపురుగులకి, తేళ్ళకి దగ్గర చుట్టం. దీని పూర్వీకుల శిలాజాలు సుమారు 44 కోట్ల ఏళ్ళ నాటివి దొరికాయి. అంటే డైనోసార్ల కంటే చాలా పాతది!

దీని రక్తం నీలం. మన రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌లో ఇనుము ఉంటుంది. దీనికి ఆ పని చేసే హీమోసయనిన్‌లో రాగి ఉంటుంది. రీల్స్‌లో అందరూ ఆ నీలం రంగు చూపించే లైకులు కొట్టించుకుంటారు. కానీ టెస్ట్‌కి పనికొచ్చేది ఆ రంగు కాదు, ఆ రక్తంలో తిరిగే అమీబోసైట్లు అనే కణాలు.

ఈ జీవికి మనలా యాంటీబాడీలు లేవు. ఉండేదేమో బ్యాక్టీరియా నిండిన బురదలో. చిన్న గాయమైనా ప్రమాదమే. అందుకే ఎండోటాక్సిన్ తగలగానే అమీబోసైట్లు తమలో దాచుకున్న ప్రొటీన్లని బయటికి వదిలేస్తాయి. ముందు ఫ్యాక్టర్ సి మేలుకుంటుంది. అది ఫ్యాక్టర్ బిని లేపుతుంది. అది ఇంకో ఎంజైమ్‌ని లేపుతుంది. ఒక ఫంక్షన్ ఇంకో ఫంక్షన్‌ని కాల్ చేసినట్టన్నమాట. చివరికి రక్తం జెల్లీలా గడ్డకట్టి గాయాన్ని మూసేస్తుంది, లోపలికొచ్చిన బ్యాక్టీరియా అందులోనే ఇరుక్కుపోతుంది.

1956లో ఫ్రెడరిక్ బ్యాంగ్ అనే శాస్త్రవేత్త అమెరికాలోని వుడ్స్ హోల్‌లో ఈ గడ్డకట్టడాన్ని గమనించి రాశారు. తర్వాత జాక్ లెవిన్‌తో కలిసి దాన్ని టెస్ట్‌గా మార్చారు. ఆ కణాల్ని పగలగొట్టి తీసిన ద్రవమే ఎల్ఏఎల్. మందు చుక్కని అందులో కలిపితే, గడ్డకడితే ఫెయిల్, కట్టకపోతే పాస్. 1977లో అమెరికా ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. మన ఇండియన్ ఫార్మకోపియాలో కూడా ఈ ఎండోటాక్సిన్ టెస్ట్ ఉంది. సెలైన్, టీకాలు, ఇంప్లాంట్లు... లిస్ట్ పెద్దదే.

ఇప్పుడు బాధపడే సంగతి. ఈ జీవుల్ని పట్టుకొచ్చి, గుండె దగ్గర సూది గుచ్చి, రక్తంలో కొంత భాగం తీసి మళ్ళీ సముద్రంలో వదులుతారు. "వదిలేస్తారుగా, ఏం కాదులే" అనుకుంటాం. కానీ వాటిలో కొన్ని తర్వాత చనిపోతాయి. ఆసియాలో ఉండే ఒక జాతిని 2019లో అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో చేర్చారు.

దారి లేదా అంటే, ఉంది. సింగపూర్‌లో జీక్ లింగ్ డింగ్, బో హో అనే శాస్త్రవేత్తలు 1990లలో ఫ్యాక్టర్ సి జన్యువుని వేరుచేశారు. ఆ జన్యువుని ల్యాబ్‌లో పెంచే కణాల్లో పెడితే, అవే ఆ ప్రొటీన్‌ని తయారుచేస్తాయి. పీత రక్తం అక్కర్లేదు! యూరప్ ఫార్మకోపియా 2021 నుంచి, అమెరికా ఫార్మకోపియా 2025 మే నుంచి ఈ పద్ధతికి చోటిచ్చాయి. ఇక కంపెనీలు మారడమే మిగిలింది. అది మాత్రం నెమ్మదిగా జరుగుతోంది. బాగా నడుస్తున్న పాత కోడ్‌ని ముట్టుకోవాలంటే ఎవరికైనా భయమే కదా.

ఇంకో విషయం. వాళ్ళు జన్యువు తీసుకున్న ఆ మడ అడవుల జాతి మన సుందర్‌బన్స్‌లో కూడా ఉంది. ఒడిశా తీరంలో ఇంకో జాతి ఉంది. మన వన్యప్రాణి చట్టం వీటికి రక్షణ ఇస్తోంది. చాందీపూర్ లాంటి బీచ్‌కి వెళ్ళినప్పుడు వెల్లకిలా పడి కొట్టుకుంటున్న గుర్రపునాడా పీత కనిపిస్తే, తోక పట్టుకుని లాగకండి. రెండు పక్కలా పట్టుకుని మెల్లగా బోర్లా తిప్పి వదిలేయండి. అది కుట్టదు, కరవదు.

పొద్దున్న నాన్నకి ఇదంతా చెప్పా. మొత్తం విని, "దాని రక్తం పోయించి నా రక్తాన్ని కాపాడారన్నమాట. పాపం, ఆ కొత్త టెస్ట్ తొందరగా పెట్టమను" అన్నారు. ఎవరికి చెప్పాలో తెలియక మీకు చెప్తున్నా. మీలో ఫార్మా కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేసేవాళ్ళు ఉంటే, మీ దగ్గర ఏ టెస్ట్ వాడుతున్నారో కామెంట్‌లో రాయండి. చదివి నాన్నకి చెప్తా. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.