ఒంటరి తల్లికి ఏడాది తోడు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెద్దలారా, దాతలారా, సోదర సోదరీమణులారా!

తండ్రి లేని పిల్లలంటే మన గుండె కరుగుతుంది, చెయ్యి జేబులోకి పోతుంది. అల్‌హమ్దులిల్లాహ్. అయితే మగదిక్కు పోయిన ఇల్లు అంత తొందరగా ఎందుకు చితికిపోతుందో ఎప్పుడైనా ఆలోచించామా?

బేతంచెర్లలో నాపరాళ్ల పని చేసేవారైనా, ఆదోని జిన్నింగ్ మిల్లు కూలీలైనా, కడపలో ఆటో తోలేవారైనా ఏ రోజు సంపాదన ఆ రోజుకే సరి. భర్త చనిపోతే ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు. ఆమె ఇంట్లో ఉంటుంది. ఇంటి బాడుగ, కిరాణా అప్పు మాత్రం ఆగవు. ఇద్దత్ ముగిసేసరికి ఉన్న కాస్త బంగారం తాకట్టుకు పోతుంది. మన సాయం చాలాసార్లు ఆ తర్వాతే చేరుతుంది.

ఇంతకన్నా కష్టం ఇంకొకరిది. రాయచోటి, కడప వైపు నుంచి కువైట్‌కు పోయినవారిలో కొందరు డబ్బు పంపడం మానేస్తారు. ఆ భార్య బేవా కాదు, తలాఖ్ అయినదీ కాదు. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి వితంతువులకు, ఒంటరి మహిళలకు పింఛను నెలకు 4,000 రూపాయలైంది. మిషన్ వాత్సల్య కింద పేద ఒంటరి తల్లుల పిల్లలకు నెలకు 4,000 స్పాన్సర్‌షిప్ ఉంది. వితంతువు మరణ ధ్రువపత్రం చూపిస్తుంది. ఈమె ఏం చూపించాలి?

తలాఖ్ అయిన ముస్లిం మహిళ కూడా 125వ సెక్షన్ కింద భరణం అడగవచ్చని 2024 జూలై 10న సుప్రీంకోర్టు తెలంగాణ కేసులో తీర్పు చెప్పింది. భర్త ఉండీ పోషించని భార్యకు ఆ హక్కు ముందునుంచే ఉంది. కానీ కోర్టుకు తిరగడానికి బస్సు ఛార్జీ, ఆ రోజు పోయే కూలి ఎవరిస్తారు?

ఒక తప్పు ఒప్పుకుంటాను. జకాత్ జాబితా రాస్తూ, "మొగుడున్నాడు కదా" అని అలాంటి ఒక పేరు నేనే కొట్టేశాను. ఆరు నెలల తర్వాత ఆ ఇంటి పెద్దపిల్లవాడు పంక్చర్ షాపులో కనిపించాడు. బడి మానేశాడు. తల్లి పేదరికం కొడుక్కు వారసత్వంగా దిగడం నా కళ్లతో చూశాను.

మన ప్రవక్త (స) పుట్టకముందే తండ్రిని, ఆరేళ్లకే తల్లిని కోల్పోయారు. తాతగారు, ఆ తర్వాత తండ్రి సోదరులు అబూ తాలిబ్ అక్కున చేర్చుకున్నారు. అది ఒక పూట దానం కాదు, ఏళ్ల తరబడి ఆసరా.

స్టేజీ మీద కుట్టుమిషన్ ఇచ్చి ఫొటో దిగడం సులువు. నేను అడిగేది వేరు. మీ మొహల్లాలో ఒక ఇంటిని ఏడాది పాటు పట్టుకోండి. ఇద్దత్ రోజుల్లో రేషన్, బాడుగ చూడండి. కాగితాల కోసం ఆఫీసులకు వెళ్లేటప్పుడు తోడుగా ఒక చదువుకున్న ఆడబిడ్డను పంపండి. పిల్లలు బడికి పోతున్నారో లేదో నెలకోసారి విచారించండి. భర్త వదిలేసిన ఆడబిడ్డ పేరు జాబితాలో ముందు రాయండి.

అల్లాహ్ మన సదఖాలను, జకాత్‌ను స్వీకరించుగాక. ఆమీన్.