పాతబడి చెప్పే పాఠం



మన నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెలలో ‘పాతబడి’ అనగానే పెద్దలకు రెండు తావులు జ్ఞప్తికి వస్తాయి. ఒకటి మసీదు వసారాలోని మక్తబ్. రెండవది ఊరివారు తమ ఖర్చుతో ఒక అరుగు మీద నడుపుకొన్న ఖాన్గీ బడి.

మక్తబ్‌లో ఖుర్ఆన్ పఠనంతో పాటు ఉర్దూ, ఫార్సీ నేర్పేవారు. కచేరీ కాగితాలు ఉర్దూలోనే నడిచేవి గనుక హిందూ కుటుంబాల పిల్లలూ ఆ లిపిని దిద్దుకొన్నారు. పాలమూరు గడ్డపై పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి, బూర్గుల రామకృష్ణారావు తెలుగుతో పాటు ఉర్దూ, ఫార్సీలలోనూ పండితులే. భాషకు మతం లేదనడానికి ఇంతకన్నా సాక్ష్యమేల?

ఖాన్గీ బడి కథ వేరు. సర్కారు అనుమతి లేనిదే అట్టి బడి నడపరాదని నిజాం ప్రభుత్వం నిబంధన విధించింది. ఎన్నో బడులు మూతపడ్డాయి. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని స్థాపించి, దేశభాషలో ఉన్నత విద్య సాధ్యమని నిరూపించిన రాజ్యమే, తెలుగు బిడ్డకు తల్లిభాషలో ఓనమాలను దుర్లభం చేసింది. ఆ నిబంధనలు తొలగించాలని, మాతృభాషలో ప్రాథమిక విద్య కావాలని ఆంధ్ర మహాసభ కోరింది. 1931లో దేవరకొండలో, 1936లో షాద్‌నగర్‌లో ఆ మహాసభలు మన గడ్డమీదనే జరిగాయి.

ఈ చరిత్రను మనము దాచనక్కరలేదు. పాలకుడు ముస్లిం అయినంత మాత్రాన పల్లెలోని దూదేకుల బిడ్డకు, కూలివాని బిడ్డకు పలక దొరకలేదు. నాడు తెలుగు బిడ్డ కోరిక న్యాయమైనదైతే, నేడు ఉర్దూ బిడ్డ కోరికా న్యాయమైనదే. మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన వసతులు కల్పించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం చెప్పుచున్నది. విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొనే హక్కును 30వ అధికరణం అల్పసంఖ్యాకులకు ఇచ్చింది. అయినా టీచరు లేక, పుస్తకాలు అందక ఒక ఉర్దూ బడి మూతపడితే, అది కూడా తాళం వేయకుండా వేసిన తాళమే.

కాబట్టి మనము చేయవలసిన పనులు మూడు. మొదటిది, మన ఊరి పాతబడి గది, స్థలం ఏ రికార్డులో, ఎవరి పేర ఉన్నదో చూడాలి. 2025 వక్ఫ్ సవరణ చట్టం వచ్చిన తరువాత, కేవలం వాడుకను చూపి కొత్తగా వక్ఫ్ అనిపించుకొనే వీలు లేదు, కాగితమే రక్ష. రెండవది, అక్కడ చదివిన వృద్ధుల మాటలను వారు ఉండగానే వ్రాసిపెట్టాలి. మూడవది, ఆ గదిలో సాయంకాలం దీపం వెలిగించి, ఊరి పిల్లలందరినీ, ఆడపిల్లలను ముందుగా, కూర్చోబెట్టాలి.

‘ఇఖ్రా’, చదువుము అన్నది మనకు అందిన తొలి ఆజ్ఞ. పాతబడి గోడలు కూలితే మళ్ళీ కట్టుకోగలము. ఆ ఆజ్ఞను మరచితే మనలను నిలబెట్టేవారు ఉండరు.